పేగు మెలి: శస్త్రచికిత్స లేని ఎండోస్కోపీ వైద్యం - వివరణాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

పెద్దపేగులోని సిగ్మాయిడ్ భాగం తన చుట్టూ తానే మెలితిరిగి, మలవాయువుల దారిని, రక్తప్రసరణను అడ్డగించే స్థితి పేగు మెలి. ఇది గంటల వ్యవధిలో ప్రాణాంతకం కాగలదు. పొట్ట కోయకుండా ఆసనద్వారం గుండా ఎండోస్కోపు పంపి మెలిని విప్పడం నేడు చాలామంది రోగులకు తొలి చికిత్స. ఈ వ్యాసం మెలి ఎందుకు పడుతుందో, ఎండోస్కోపీ దానిని ఎలా విప్పుతుందో, ఏ రోగులకు ఆ పద్ధతి పనికిరాదో వివరిస్తుంది. ‘శస్త్రచికిత్స లేని వైద్యం’ అనే మాట తెలుగు పాఠకుడికి కలిగించే అర్థానికీ, వైద్యశాస్త్రంలో ఆ మాటకున్న పరిమితికీ మధ్య ఉన్న దూరాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: పేగు మెలి, సిగ్మాయిడ్, ఎండోస్కోపీ, పేగు అవరోధం, వైద్య పరిభాష, తెలుగు వైజ్ఞానిక రచన.

1. ఉపోద్ఘాతం

భరించలేని దుఃఖాన్ని తెలుగువారు ‘కడుపులో మెలిపెట్టినట్లుంది’ అంటారు. పేగుల్లో వచ్చే నొప్పికి ‘నులినొప్పి’ అనే పేరుంది. మెలి, నులి అనే రెండు మాటలూ తాడు పురి తిరగడాన్ని సూచించేవే. నొప్పిని చెప్పడానికి వాడే ఈ ఉపమానం ఒక వ్యాధి విషయంలో అక్షరాలా నిజమవుతుంది. ఆ వ్యాధిలో పేగు నిజంగానే మెలితిరుగుతుంది. వైద్యులు దీనిని ‘వాల్వ్యులస్’ అంటారు. చుట్టడం, దొర్లించడం అనే అర్థాలున్న లాటిన్ ధాతువు నుంచి ఆ మాట పుట్టింది.

ఈ వ్యాధిని గురించి తెలుగులో ఎవరైనా వివరించబోతే రెండు ఇబ్బందులు ఎదురవుతాయి. మొదటిది పదాలకు సంబంధించింది. మెలి, మడత, ముడి, చిక్కు అనే మాటలను ఒకదాని స్థానంలో మరొకటి వాడే అలవాటు మనకుంది. రెండవది అర్థానికి సంబంధించింది. ‘ఆపరేషన్ లేకుండా సరిచేశారు’ అన్న వాక్యం వినగానే రోగి కుటుంబానికి వ్యాధి నయమైందన్న భావం కలుగుతుంది. ఆ భావంతో ఇంటికి వెళ్లిన రోగికి మళ్లీ మెలిపడే ప్రమాదం తక్కువేమీ కాదు. అందువల్ల ఈ చికిత్సను సరైన మాటల్లో చెప్పడం భాషకు సంబంధించిన పనే అయినా, దాని ఫలితం ప్రాణానికి సంబంధించింది.

2. పదనిర్ణయం

పేగులో దారి మూసుకుపోయే స్థితులన్నింటికీ కలిపి ‘పేగు అవరోధం’ అనే మాటను వాడవచ్చు. దాని కారణాలు వేరువేరు. పేగు తన ఆధారం చుట్టూ గుండ్రంగా తిరిగిపోతే అది మెలి. పేగులో ఒక భాగం పక్క భాగం లోపలికి దూరదర్శిని గొట్టాల్లాగా జొరబడితే అది చొరబాటు. పసిపిల్లల్లో తరచుగా కనిపించేది ఇదే. చిన్నపేగు, సిగ్మాయిడ్ ఒకదానినొకటి చుట్టుకొని బిగిసిపోతే అది ముడి. ఉదరకుడ్యంలోని బలహీనమైన చోటు నుంచి పేగు బయటికి వస్తే దానిని జనవ్యవహారంలో ‘పేగు జారడం’ అంటున్నారు. మడత అనేది ఆరోగ్యవంతుడి పేగులో కూడా సహజంగా ఉంటుంది.

ఈ తేడాలను పాటించకపోతే వివరణ తప్పుతుంది. పైన చెప్పిన నాలుగు స్థితులకూ చికిత్సలు ఒకటి కావు. ఎండోస్కోపు గొట్టంతో విప్పదగినది వీటిలో మెలి ఒక్కటే. అందులోనూ అన్ని మెలులూ కావు. ఈ వ్యాసంలో ‘మెలి’ అనే మాటను వాల్వ్యులస్‌కు సమానార్థకంగా స్థిరంగా వాడుతున్నాను. సిగ్మాయిడ్, ఎండోస్కోపు, ఎక్స్‌రే, స్కాన్ వంటి మాటలు ఆసుపత్రుల్లో రోగుల నోటనే వినిపిస్తున్నాయి కాబట్టి వాటికి కొత్త సంస్కృత సమాసాలు కల్పించలేదు.

3. మెలి ఎందుకు పడుతుంది?

వయోజనులలో పెద్దపేగు పొడవు సుమారు ఒకటిన్నర మీటరు. అది పొట్ట కుడివైపు దిగువన మొదలై పైకి వెళ్లి, అడ్డంగా ఎడమవైపుకు సాగి, కిందికి దిగి, పురీషనాళంలో కలుస్తుంది. పురీషనాళానికి ముందు వంకర తిరిగిన భాగమే సిగ్మాయిడ్. గ్రీకు లిపిలోని ‘సిగ్మా’ అక్షరాన్నిబట్టి దానికి ఆ పేరు వచ్చింది. దాని సగటు పొడవు సుమారు నలభై సెంటీమీటర్లు. మనిషిని బట్టి ఈ కొలత చాలా మారుతుంది.

సిగ్మాయిడ్‌కు రెండు కొనలూ స్థిరంగా ఉంటాయి. మధ్యభాగం మాత్రం మెసెంటరీ అనే పలుచని పొర ఆధారంగా పొట్టలో వేలాడుతుంది. రక్తనాళాలు ఆ పొరలోంచే పేగుకు చేరతాయి. ఈ అమరికను చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలతో పోల్చవచ్చు. రెండు తాళ్లను కొమ్మకు దూరదూరంగా కడితే ఉయ్యాల సులభంగా మెలిపడదు. దగ్గరదగ్గరగా కట్టి, తాళ్లను పొడవుగా వదిలితే కొద్దిపాటి ఊపుకే అది గిరగిరా తిరిగి పురి ఎక్కుతుంది. సిగ్మాయిడ్ పొడవుగా సాగి, దాని మెసెంటరీ మూలం ఇరుకుగా ఉన్నవారిలో జరిగేది ఇదే. మలంతోనో వాయువుతోనో నిండి బరువెక్కిన పేగు పక్కకు ఒరిగి, తన ఆధారం చుట్టూ తిరిగిపోతుంది.

పేగు సాగడానికి దీర్ఘకాలిక మలబద్ధకం ఒక ముఖ్య కారణం. నరాల వ్యాధులున్నవారిలోను, కొన్ని మానసిక వ్యాధుల మందులు ఏళ్ల తరబడి వాడేవారిలోను, మంచానపడిన వృద్ధులలోను పేగు కదలికలు మందగించి ఇది ఎక్కువగా కనిపిస్తుంది. దక్షిణ అమెరికాలో చాగస్ వ్యాధి పేగు నరాలను దెబ్బతీసి పెద్దపేగును ఉబ్బిస్తుంది. అక్కడి మెలి కేసులలో అది ప్రధాన కారణం. గర్భిణులలో పెరిగిన గర్భాశయం సిగ్మాయిడ్‌ను పైకి నెట్టడం వల్ల అరుదుగా మెలి పడవచ్చు.

ఆఫ్రికా, మధ్యప్రాచ్యం, టర్కీ, భారత ఉపఖండం, దక్షిణ అమెరికా ప్రాంతాలను వైద్యసాహిత్యం ‘మెలి మండలం’గా పేర్కొంటుంది. ఈ ప్రాంతాల్లో పెద్దపేగు అవరోధాలకు మెలి ఒక ప్రధాన కారణం. రోగులు తరచుగా నడివయస్సు పురుషులు. పీచు ఎక్కువగా ఉండే ఆహారం వల్ల పేగు పరిమాణం పెరగడం దీనికి ఒక కారణమని భావిస్తున్నారు. అమెరికాలో క్యాన్సర్, డైవర్టిక్యులర్ వ్యాధి తరువాత పెద్దపేగు అవరోధాలకు మూడవ కారణం మెలి. అక్కడి రోగులలో ఎక్కువమంది వృద్ధులు. ఒకే వ్యాధి రెండు సమాజాల్లో రెండు రకాల మనుషులను పట్టుకుంటోందన్నమాట. పాశ్చాత్య పాఠ్యగ్రంథంలోని వర్ణనను యథాతథంగా తెలుగులోకి తెచ్చేవారు ఈ తేడాను గమనించాలి.

4. మెలి పడిన పేగులో ఏమి జరుగుతుంది?

చిన్నపాటి తిరుగుడు దానంతట అదే విడిపోవచ్చు. మెలి సుమారు 180 డిగ్రీలు మించితే దారి మూసుకుపోతుంది. 360 డిగ్రీలకు చేరితే రక్తనాళాలు నలిగే ప్రమాదం బాగా పెరుగుతుంది.

మెలి వల్ల పేగుకు రెండు చోట్ల, అంటే పైకొనలోను కిందికొనలోను, ఒకేసారి మూత పడుతుంది. మధ్యలోని భాగం రెండువైపులా కట్టేసిన సంచి అవుతుంది. లోపలి సూక్ష్మజీవులు వాయువును ఉత్పత్తి చేస్తూనే ఉంటాయి. బయటికి దారి లేదు కాబట్టి సంచి ఉబ్బుతూ పోతుంది. పేగుగోడలో ఒత్తిడి పెరిగినప్పుడు ముందుగా పలుచని సిరలు మూసుకుపోతాయి. పేగులోకి వచ్చిన రక్తం తిరిగి వెళ్లలేక గోడ వాచి, ఎర్రబారి, నల్లబడుతుంది. తరువాత ధమనులూ మూసుకుపోతాయి. రక్తం అందని పేగు కుళ్లిపోతుంది. కుళ్లిన గోడ చిల్లుపడితే మలం పొట్టలోకి చేరి ఉదరపొర మొత్తానికి సోకుతుంది. చికిత్సలో వేసే ప్రతి అడుగూ ఈ క్రమాన్ని ఏ దశలో ఆపగలం అన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

5. లక్షణాలు, నిర్ధారణ

పొట్ట విపరీతంగా ఉబ్బడం, నొప్పి, మలమే కాక వాయువు కూడా పూర్తిగా ఆగిపోవడం ప్రధాన లక్షణాలు. వాంతులు ఆలస్యంగా మొదలవుతాయి. పొట్టమీద తట్టితే డప్పులాంటి శబ్దం వస్తుంది. ఇలాంటి బాధ ఇంతకుముందు కూడా వచ్చి, ఒక్కసారిగా చాలా వాయువు పోయి తగ్గిందని కొందరు చెబుతారు. దానంతట విడిపోయిన పాత మెలులకు అది సాక్ష్యం. మాట సరిగా చెప్పలేని వృద్ధులలో పొట్ట ఉబ్బు ఒక్కటే కనిపించవచ్చు. ‘గ్యాసు’ అనే మాట మన ఇళ్లలో ప్రతి కడుపుబాధకూ సరిపోతుంది. పొట్ట ఉబ్బి, వాయువు కూడా పోని స్థితిని ఆ మాటతో సరిపెట్టుకోవడం ప్రమాదకరం.

సాధారణ ఎక్స్‌రేలో ఉబ్బిన సిగ్మాయిడ్ పెద్ద కాఫీగింజలాగా కనిపిస్తుంది. పక్కపక్కనే ఆనుకొన్న రెండు పేగుగోడలు గింజ మధ్యలోని గాడిని తలపిస్తాయి. సీటీ స్కాన్‌లో మెసెంటరీ, రక్తనాళాలు కలిసి నీటిసుడిలాగా తిరిగినట్లు కనిపిస్తాయి. బేరియం వంటి ద్రవాన్ని కిందినుంచి పంపి తీసిన చిత్రంలో మెలిపడిన చోటు పక్షిముక్కులాగా సన్నబడుతుంది. గింజ, సుడి, ముక్కు అనే మూడు ఉపమానాలూ తెలుగు పాఠకుడికి ఇట్టే అందేవే. సీటీ స్కాన్ మెలి ఉనికితోపాటు పేగుకు రక్తం అందుతోందా, చిల్లు పడిందా అన్న విషయాలను కూడా సూచిస్తుంది కాబట్టి చికిత్సా నిర్ణయానికి అదే ముఖ్య ఆధారం.

6. చికిత్సా చరిత్ర

పేగు అవరోధాన్ని కోతతోనా, కోత లేకుండానా చక్కదిద్దడం అన్న ప్రశ్న చాలా పాతది. హిపోక్రటీస్ పేరుతో ప్రచారంలో ఉన్న గ్రీకు గ్రంథాలు కొలిమితిత్తితో ఆసనద్వారం గుండా గాలి నింపడాన్ని చెప్పాయి. భారతీయ సంప్రదాయంలో సుశ్రుతసంహిత ఎనిమిది ఉదరరోగాలను పేర్కొని, వాటిలో బద్ధగుదోదరానికి శస్త్రకర్మను విధించింది. నాభికి దిగువన ఎడమవైపు కోసి, పేగును బయటికి తీసి, అడ్డును తొలగించి, తిరిగి లోపల పెట్టి కుట్టాలని అది చెబుతుంది. పేగుకు రంధ్రం పడిన స్థితిలో అంచులను నల్లచీమలతో కరిపించి కలపడం కూడా అక్కడే ఉంది. అయితే బద్ధగుదోదరాన్ని నేటి పేగు మెలితో సమానం చేయరాదు. సంహిత చెప్పిన కారణాలలో ఆహారంతోపాటు లోపలికి చేరిన వెంట్రుకలు, రాళ్లు వంటివి ఉన్నాయి. ఆ పేరు అవరోధమనే విస్తృతార్థానికి సరిపోతుంది. మెలి అనే ప్రత్యేకార్థాన్ని దానికి అంటగట్టడానికి ఆధారం చాలదు.

ఆధునిక వైద్యంలో రోకిటాన్‌స్కీ 1836లో పేగు బిగుసుకుపోవడానికి మెలి ఒక కారణమని వర్ణించాడు. పంతొమ్మిదో శతాబ్దంలోనే ఆసనద్వారం గుండా గొట్టం పంపి వాయువును తీసే ప్రయత్నాలు జరిగాయి. 1947లో నార్వే వైద్యుడు బ్రూస్‌గార్డ్, సిగ్మాయిడోస్కోపు సహాయంతో గొట్టం పంపి మెలిని విప్పిన అనుభవాన్ని పెద్ద సంఖ్యలో రోగుల ఆధారంగా ప్రకటించాడు. అత్యవసర శస్త్రచికిత్సలో మరణాలు ఎక్కువగా ఉన్న ఆ కాలంలో ఈ పద్ధతి త్వరగా ఆమోదం పొందింది.

ఆనాటి సిగ్మాయిడోస్కోపు సుమారు 25 సెంటీమీటర్ల తిన్నని లోహపుగొట్టం. దానికి వంపులు తిరిగే శక్తి లేదు. గాజుపోగుల గుండా బొమ్మను పంపవచ్చని 1954లో హాప్కిన్స్‌తో కలిసి నిరూపించిన నరీందర్ సింగ్ కపానీ భారతీయుడు. ఆ సూత్రం ఆధారంగా 1957లో హిర్షోవిట్జ్ వంగే గ్యాస్ట్రోస్కోపును రూపొందించాడు. 1960ల చివరి నాటికి పెద్దపేగు మొత్తాన్ని చూడగల కొలనోస్కోపు వచ్చింది. ఘాజీ, షిన్యా, వోల్ఫ్ 1976లో కొలనోస్కోపుతో పెద్దపేగు మెలికి చికిత్స చేయడాన్ని ప్రకటించారు. వంగే గొట్టం రాకతో లోహపుగొట్టానికి అందని మెలులు కూడా వైద్యుడి చేతికి అందాయి.

7. ఎండోస్కోపీతో మెలి విప్పే విధానం

రోగి ఆసుపత్రికి రాగానే ఎండోస్కోపీ మొదలుకాదు. ముందుగా సెలైన్ ఎక్కించి ఒంట్లో నీటిని భర్తీ చేస్తారు. రక్తంలోని లవణాలను, ముఖ్యంగా పొటాషియంను సరిచేస్తారు. వాంతులుంటే ముక్కు గుండా జీర్ణాశయంలోకి గొట్టం వేస్తారు. రక్తపరీక్షలు, స్కాన్ చూసి పేగు ఇంకా బతికే ఉందన్న అంచనాకు వచ్చిన తరువాతే గొట్టం చేతపడతారు. శస్త్రవైద్యుల బృందాన్ని సిద్ధంగా ఉంచుతారు.

రోగిని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, ఆసనద్వారం గుండా ఎండోస్కోపును నెమ్మదిగా పంపుతారు. మామూలు కొలనోస్కోపీలో దారి తెరుచుకోవడానికి గాలి నింపుతారు. మెలి ఉన్నప్పుడు గాలి వీలైనంత తక్కువగా వాడాలి. మెలి దాటి లోపలికి వెళ్లిన గాలి తిరిగి రాలేక, అప్పటికే ఉబ్బిన సంచిని చిల్లుపడే దాకా ఉబ్బించవచ్చు. పేగు త్వరగా పీల్చుకునే కార్బన్ డయాక్సైడును వాడటం మేలు.

మెలి పడిన చోట పేగు లోపలి పొర ముడతలు సుడులుగా తిరిగి ఒక బిందువు దగ్గర కలుస్తాయి. వైద్యుడు అక్కడ ఆగి, గొట్టం కొనతో సున్నితంగా ఒత్తుతాడు. దారి ఎటు తిరిగిందో గమనించి ఆ దిశలోనే గొట్టాన్ని తిప్పుతాడు. ఇక్కడ బలం పనికిరాదు. కొన మెలిని దాటగానే లోపల బంధించిన వాయువు, పలుచని మలం ఒక్క ఉదుటున బయటికి వస్తాయి. కళ్ల ముందే పొట్ట తగ్గుతుంది. నొప్పి ఉపశమిస్తుంది. ఒత్తిడి తగ్గిన పేగు తరచుగా తానే తిరిగి సహజస్థానానికి వస్తుంది.

తరువాతి పని లోపలి పొరను పరీక్షించడం. అది గులాబీరంగులో ఉంటే పేగు క్షేమం. నీలంగానో నల్లగానో ఉంటే, పుండ్లు పడి రక్తంతో కూడిన ద్రవం కనిపిస్తే ప్రయత్నాన్ని అక్కడితో ఆపి శస్త్రచికిత్సకు పంపాలి. అంతా సవ్యంగా ఉన్నప్పుడు మెలి దాటేలా ఒక మెత్తని గొట్టాన్ని వేసి, సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల వరకు ఉంచుతారు. వాయువు ఆ గొట్టం గుండా పోతుంది. వెంటనే మళ్లీ మెలి పడకుండా అది కాపాడుతుంది. ఈ రోజుల్లో రోగి పొట్టను, జ్వరాన్ని, నాడిని గమనిస్తూ ఉంటారు. లోపలి పొర బాగానే కనిపించినా గోడ లోతుల్లో దెబ్బతిని ఉండవచ్చు కాబట్టి ఈ జాగ్రత్త అవసరం.

ఈ పద్ధతిలో మెలి విడిపోయే అవకాశం వేర్వేరు నివేదికలలో సుమారు 60 నుంచి 95 శాతం వరకు ఉంది. విఫలమైతే శస్త్రచికిత్స తప్పదు.

8. ఎవరికి పనికిరాదు?

పొట్ట రాయిలాగా బిగుసుకుపోవడం, తాకితే భరించలేని నొప్పి, జ్వరం, రక్తపోటు పడిపోవడం వంటివి పేగు కుళ్లిందని లేదా చిల్లుపడిందని సూచిస్తాయి. అటువంటి రోగికి ఎండోస్కోపీ ప్రయత్నం కాలహరణమే. కుళ్లిన గోడకు గొట్టం తగిలితే హాని మరింత పెరుగుతుంది. నేరుగా పొట్ట తెరిచి చెడిన భాగాన్ని తొలగించాలి. కుళ్లిన పేగును తొలగించే ముందు మెలిని విప్పకపోవడమే మంచిదన్నది శస్త్రవైద్యుల నియమం. విప్పితే అందులోని విషపదార్థాలు ఒక్కసారిగా రక్తంలో కలుస్తాయి. ఇలాంటి సందర్భాల్లో చాలాసార్లు పేగు కొనను పొట్టమీదికి తెచ్చి అమర్చుతారు. ఫ్రెంచి వైద్యుడు హార్ట్‌మాన్ పేరుతో ఆ విధానం ప్రసిద్ధమైంది.

మెలి పడిన స్థానం కూడా ముఖ్యమే. పెద్దపేగు మొదటి భాగమైన సీకమ్‌లో మెలి పడితే ఎండోస్కోపుతో విప్పగలిగే అవకాశం చాలా తక్కువ. ఆ మెలికి శస్త్రచికిత్సే తగిన మార్గం. పుట్టుకతో పేగుల అమరిక సరిగా లేని శిశువులలో చిన్నపేగు మొత్తం మెలిపడవచ్చు. నవజాత శిశువు పసరు వాంతి చేసుకుంటే మరో కారణం రుజువయ్యేదాకా దానిని మెలిగానే అనుమానించాలని పిల్లల వైద్యం బోధిస్తుంది. దానికి అత్యవసర శస్త్రచికిత్స తప్ప మరో మార్గం లేదు. ‘పేగు మెలికి ఆపరేషన్ అక్కర్లేదు’ అన్న సాధారణీకరణ ఈ శిశువుల విషయంలో ప్రాణం తీస్తుంది.

9. ‘శస్త్రచికిత్స లేని’ అన్న మాటకు అర్థమెంత?

ఎండోస్కోపీ మెలిని విప్పుతుంది. మెలికి కారణమైన పొడవాటి పేగు, ఇరుకైన మెసెంటరీ మూలం అలాగే ఉంటాయి. ఉయ్యాల పురి విప్పినంత మాత్రాన తాళ్లు కట్టిన తీరు మారదు. అందుకే విప్పి వదిలేసిన రోగులలో సగానికి అటూఇటూగా, కొన్ని నివేదికలలో అంతకంటే ఎక్కువ మందిలో మళ్లీ మెలి పడినట్లు తేలింది. తిరగబెట్టిన ప్రతిసారీ పేగు కుళ్లే ప్రమాదం పొంచి ఉంటుంది.

అందువల్ల అమెరికా పెద్దపేగు శస్త్రవైద్యుల సంఘం వంటి సంస్థల మార్గదర్శకాలు ఒక క్రమాన్ని సూచిస్తున్నాయి. పేగు కుళ్లిన సూచనలు లేకపోతే ముందు ఎండోస్కోపీతో మెలి విప్పాలి. తరువాత, ఒంటికి తట్టుకునే శక్తి ఉన్న రోగికి అదే ఆసుపత్రి బసలోనో, వీలైనంత త్వరగానో సాగిన సిగ్మాయిడ్‌ను తొలగించే శస్త్రచికిత్సను ఆలోచించాలి. పేగును కోయకుండా పొట్టగోడకు కుట్టి నిలిపే పద్ధతులు ఉన్నా, వాటి తరువాత తిరగబెట్టడం ఎక్కువ.

అప్పుడు ఎండోస్కోపీ వల్ల కలిగిన లాభం ఏమిటన్న ప్రశ్న సహజం. ఉబ్బిన పొట్టతో, ఒంట్లో నీరు తగ్గి, అర్ధరాత్రి హడావుడిగా జరిగే శస్త్రచికిత్సకూ, కోలుకున్న రోగికి సిద్ధపాటుతో జరిగే శస్త్రచికిత్సకూ మధ్య ప్రాణాపాయంలో చాలా తేడా ఉంది. రెండవ సందర్భంలో గుండెను, ఊపిరితిత్తులను పరీక్షించే వ్యవధి ఉంటుంది. పేగును శుభ్రం చేయవచ్చు. కొనలను వెంటనే కలిపి కుట్టే అవకాశం పెరుగుతుంది. చిన్న కోతలతో లాప్రోస్కోపీ పద్ధతిలో చేయడం కూడా వీలవుతుంది. ఎండోస్కోపీ గండం గట్టెక్కిస్తుంది. జబ్బు మూలాన్ని తీసేది తరువాతి చికిత్స.

అతివృద్ధులు, తీవ్రమైన గుండెజబ్బు ఉన్నవారు వంటి కొందరికి ఆ తరువాతి చికిత్స సాధ్యం కాదు. వారికి ఎండోస్కోపు సహాయంతో పొట్టగోడ గుండా గొట్టాలు వేసి సిగ్మాయిడ్‌ను కదలకుండా నిలిపే పద్ధతి ఒకటి ఉంది. సోకుడు, కారడం వంటి చిక్కులు ఇందులో ఉన్నందున ఎంపిక చేసిన రోగులకే దీనిని వాడతారు. మరికొందరి విషయంలో మెలి పడినప్పుడల్లా విప్పడమే మిగిలిన దారి. ఈ నిర్ణయాలు రోగి, కుటుంబం, వైద్యుడు కలిసి తీసుకోవలసినవి. వాటికి ముందు జరగవలసింది స్పష్టమైన వివరణ.

10. తెలుగులో వివరణ: కొన్ని ప్రతిపాదనలు

తెలుగు అకాడమి 1968లో ఏర్పడినప్పటి నుంచి శాస్త్రవిషయాలకు పారిభాషిక పదకోశాలు వెలువడ్డాయి. పదకోశం ఒక మాటకు సమానార్థకాన్ని ఇస్తుంది. రోగితో మాట్లాడేటప్పుడు నామవాచకంకంటె క్రియాపదం ఎక్కువ పని చేస్తుంది. పై పరిశీలన ఆధారంగా ఈ ప్రతిపాదనలు చేస్తున్నాను.

మొదటిది, ఎండోస్కోపీ ఫలితాన్ని ‘విప్పారు’, ‘విడిపోయింది’ అనే క్రియలతో చెప్పాలి. ‘నయమైంది’, ‘తగ్గిపోయింది’ అనే మాటలు ఈ దశకు తగవు. విప్పినది మళ్లీ పడవచ్చన్న సూచన ‘విప్పు’ ధాతువులోనే ఉంది. నయమైనదానికి మళ్లీ చికిత్స ఎందుకన్న ప్రశ్న వస్తుంది.

రెండవది, ‘శస్త్రచికిత్స లేని చికిత్స’ అని వదిలేయకుండా ‘శస్త్రచికిత్సకు ముందు మెలి విప్పడం’ అని క్రమాన్ని సూచించే మాట వాడటం మేలు. శస్త్రచికిత్సకు తాళలేని రోగుల విషయంలోనే మొదటి మాట సరిపోతుంది.

మూడవది, మెలి, ముడి, చొరబాటు, జారడం అనే నాలుగు మాటలను నాలుగు స్థితులకు విడివిడిగా స్థిరపరచాలి. ఈ మాటలన్నీ వాడుకలో ఉన్నవే. కొత్తగా కల్పించవలసిన అవసరం లేదు. వాడుకలో నిలకడ తెస్తే చాలు.

నాలుగవది, ప్రమాదసూచనలను ఇంటిభాషలో రాయాలి. ‘మలవాయు నిరోధం’ అనే సమాసం పరిశోధన వ్యాసానికి సరిపోతుంది. కరపత్రంలో ‘విరోచనం కాకపోవడమే కాక గాలి కూడా పోవడం లేదు, పొట్ట ఉబ్బుతోంది’ అని రాస్తే చదివినవారు అదే రోజు ఆసుపత్రికి బయలుదేరతారు.

11. ముగింపు

సిగ్మాయిడ్ మెలికి ఎండోస్కోపీ ద్వారా చేసే చికిత్స ఇరవయ్యో శతాబ్దపు వైద్యం సాధించిన ముఖ్యమైన మేళ్లలో ఒకటి. తిన్నని లోహపుగొట్టం నుంచి వంగే కొలనోస్కోపు దాకా పరికరం మారింది. మెలిని సున్నితంగా దాటి వాయువుకు దారి ఇవ్వాలన్న సూత్రం మారలేదు. పేగు బతికి ఉన్నప్పుడే, సరైన స్థానంలోని మెలికే, తరువాతి చికిత్సను దృష్టిలో ఉంచుకొని చేసినప్పుడే దాని ప్రయోజనం నెరవేరుతుంది.

వైద్యుడు గొట్టంతో చేసే పనికి కొనసాగింపు మాటతో జరగాలి. మెలి విడిపోయి ఉపశమనం పొందిన రోగి, ఇంకో శస్త్రచికిత్స ఎందుకని అడిగినప్పుడు అతనికి అర్థమయ్యే తెలుగులో జవాబు అందాలి. ఆ జవాబుకు కావలసిన మాటలను తేల్చి, స్థిరపరచి, వైద్యవిద్యార్థుల చేతికి అందించడం తెలుగు శాఖలు వైద్యకళాశాలలతో కలిసి చేయదగిన పరిశోధన. గుండెపోటు, పక్షవాతం, పాముకాటు వంటి ఇతర అత్యవసర స్థితుల విషయంలో కూడా వాడుకపదాల అర్థపరిధిని ఇదే పద్ధతిలో పరిశీలించడానికి అవకాశం ఉంది.